పదకొండో బోరు

మేడ మీద రెండు గదుల అద్దె వాటా. మధ్యాహ్నం. లోపలి గదిలో అక్క కుట్టుమిషను తొక్కుతోంది. బయటి గదిలో బావా, బావమరిదీ.

“...అక్కడ కాదురా, దాని మీద కూర్చోకు! అది కుర్చీ కాదు, నమూనా.”

“కుర్చీ మీద రాయి పెట్టింది మీరే కదా బావా.”

“రాయి ఉన్నచోట మనమే సర్దుకోవాలి. అది రెండువందల డెబ్బై కోట్ల ఏళ్ళుగా సర్దుకునే ఉంది. మెల్లగా తీసి ఆ కిటికీలో పెట్టు.”

“కిటికీలో చోటెక్కడుంది?”

“అయితే ఒళ్ళో పెట్టుకో. గని షెడ్డులో పొద్దస్తమానం రాళ్ళు కోసేవాడివి, పేరే రంపం నీకు, ఒళ్ళో ఒక్క రాయి మొయ్యలేవా?”

“బావా, మీకో మాట చెప్దామని వచ్చాను.”

“చెబుదువుగాని. ముందు దీని వాసన చూడు. ఉండు, సుత్తితో ఒక్కటిస్తా... ఆఁ, ఇప్పుడు. ఏం వాసన?”

“వెల్లుల్లి.”

“వెల్లుల్లి! దెబ్బ తగిలితే వెల్లుల్లి వాసన కొట్టిందంటే ఆ రాతిలో ఆర్సెనిక్ ఉందన్నమాట. పలుగురాయిలో ఆర్సెనిక్ ఉందంటే బంగారం ఆ చుట్టుపక్కలే ఎక్కడో కాపురం పెట్టిందన్నమాట. పాతికేళ్ళు కాలేజీలో ఇదే చెప్పాను. మీ అక్కకి మాత్రం ఎక్కదు. ఇల్లంతా వంటింటి కంపు కొడుతోందంటుంది.”

“మా కంపెనీ షేరు నిన్న ఇంకా పడింది బావా.”

“షేరు పడుతుంది. రాయి పడదు.”

“మీరలాగే అంటారు.”

“మరేమనాలి? షేరు ధర చెప్పేది మనుషులురా. పొద్దున ఒకటి చెప్తారు, సాయంత్రానికి ఇంకోటి చెప్తారు. రాయి ఏనాడైనా మాట మార్చిందా?”

“ఇల్లమ్మి కొన్నారు.”

“ఇల్లమ్మి రాయి కొన్నాను. ఆ ఇల్లు మాత్రం దేంతో కట్టారు? రాళ్ళతోనేగా.”

“ఈ జోకుకి అక్క నవ్విందా?”

“రెండేళ్ళుగా మీ అక్క దేనికీ నవ్వట్లేదు. నేను జోకులేసే తీరులో లోపం ఉందేమో అనుకుంటున్నా.”

“బావా—”

“ఉండరా. ఇదిగో, ఈ చారల దుప్పటి చూడు. ఈ తెల్ల చారే మన పలుగురాయి. పడమట నుంచి ఇలా తిన్నగా వస్తోంది, వస్తోంది... ఇక్కడ నేల పగిలింది. ఇలా మడత పెడదాం. పగిలి, ఇవతలి ముక్క ఎడమకి జారింది. ఇప్పుడు చార ఎక్కడ వెతకాలి?”

“ఎడమకి.”

“చిన్నపిల్లలు కూడా చెప్తారు. మీ మేనేజరు చెప్పడు! వాడు తిన్నగానే పన్నెండో బోరు వేశాడు, ఖాళీ. తిన్నగానే పదమూడు వేశాడు, ఖాళీ. ఖాళీ కాకపోతే ఏముంటుంది? ఎడమ పక్కకి రెండొందల అడుగులు జరగరా నాయనా అని తొమ్మిది ఉత్తరాలు రాశాను, పటం గీసి మరీ. ఒక్కదానికీ జవాబు లేదు. చదివి నవ్వుకుంటున్నారట కదా?”

“ఎవరు చెప్పారు?”

“నువ్వే చెప్పావు.”

“నేనా?... ఎప్పుడో ఏదో అనుంటాను.”

“సర్లే. పద్నాలుగు ఎక్కడ వేస్తున్నారు?”

“పద్నాలుగా? ఇంకా... డ్రిల్లు రిపేరులో ఉంది.”

“పోయిన నెల మొదలుపెట్టారన్నావు?”

“పెడదామనుకున్నారు. ఏదో విరిగిందట. బావా, మీరొక్క ఐదు నిమిషాలు నా మాట వినాలి.”

“వింటున్నానుగా.”

“మీరు వినట్లేదు, పాఠం చెప్తున్నారు.”

“సరే, పాఠం అయిపోయింది. గంట కొట్టారు. చెప్పు.”

“మీరు షేర్లు అమ్మేయాలి. ఇవాళే.”

“ఓస్, ఇదా! మీ అక్క పంపిందా?”

“అక్కకి నేనొచ్చిన సంగతే తెలీదు. వెనక మెట్ల మీంచి వచ్చాను.”

“ఒరేయ్, నేను ఎందుకు అమ్మనో నీకు తెలుసు. పదకొండో బోరు. నూట నలభై మీటర్ల లోతున, టన్నుకి ముప్పై ఒక్క గ్రాముల బంగారం. ఆ లోతున తగులుతుందని నేను ముందే చెప్పానా లేదా?”

“చెప్పారు.”

“ఎందుకు చెప్పగలిగాను? చార పగులు దాకా ఒకే వాలులో దిగాలి కాబట్టి. పదకొండు ఆ చార కొసని తాకింది. అదే నా సాక్షి. ఈ సాక్షి ఉన్నంతకాలం ఎవడొచ్చి చెప్పినా—”

“ఆ పదకొండు గురించే బావా నేనొచ్చింది.”

“ఏంటి దాని గురించి?”

“తలుపు వేసి రానా?”

“మిషను చప్పుడులో మీ అక్కకేం వినపడదు. చెప్పు.”

“మా షెడ్డులో ఒక రూలుంది. లోపలికెళ్ళే ముందు ఒంటి మీద బంగారం తీసి బయట డబ్బాలో పడెయ్యాలి.”

“ఉండకపోతే ఎలా? నీకు ఆ ఉద్యోగం ఇప్పించినరోజే చెప్పానుగా. ల్యాబు మిషనుకి గోరంత తగిలితే కొండంత చూపిస్తుంది.”

“నా పెళ్ళి ఉంగరం రాదు బావా.”

“రాదంటే?”

“వేలు లావెక్కింది. సబ్బు రాశాను, నూనె రాశాను, రాలేదు. కోయించుకోమన్నారు. తను పెట్టిన ఉంగరం కోస్తే ఊరుకోనంది మీ చెల్లెలు. గ్లవుసులో దాచుకుని లోపలికెళ్ళేవాణ్ణి. ఎవరూ గ్లవుసు విప్పి చూపించమనరుగా.”

“దాచుకుంటే?”

“ఆ రోజు గ్లవుసు చిరిగింది. బోరులోంచి తీసిన రాతి కడ్డీని నిలువునా రెండు చెక్కలు కోస్తున్నా. చివర్లో వేలు జారింది. రంపం బిళ్ళ ఉంగరానికి తగిలింది. వేలు పోయిందనే అనుకున్నా. పోలేదు. ఉంగరం కాసింది.”

“ఏ కడ్డీ?”

“ఇదిగో, గాటు చూడండి.”

“ఏ కడ్డీరా?”

“పదకొండు. నూట నలభై.”

“ఉండు... ఉండు. నీళ్ళు పోస్తూ కోస్తారుగా. ఆ ఉంగరం పొడి కొట్టుకుపోవాలిగా.”

“అది పగుళ్ళ ముక్క. బురద బురదగా ఉంది. బిళ్ళ తగిలిన పొడంతా ఆ పగుళ్ళలోకి దిగిపోయింది. తుడిచాననే అనుకున్నాను. భయంతో సంచిలో వేసి మూతి కట్టేశా.”

“రెండో చెక్క ఉంటుంది కదా! ఒక చెక్క ల్యాబుకి, ఒక చెక్క పెట్టెలో. అదీ పద్ధతి. ఆ రెండో చెక్క పంపండి. దాన్ని నేను కళ్ళారా చూశాను. వెల్లుల్లి వాసన కూడా కొట్టింది!”

“పంపారు బావా.”

“ఎవరు?”

“మేనేజరే. పన్నెండు, పదమూడు ఖాళీ వచ్చేసరికి అనుమానం వచ్చి గుట్టుగా పంపాడు. నిన్న వచ్చింది.”

“ఏమొచ్చింది?”

“వాసన ఉంది. బంగారం లేదు.”

“ఎంత? అర గ్రాము? పావు?”

“సున్నా.”

“సున్నా అంటే?”

“మిషనుకి అందలేదట.”

“కానీ నేను చెప్పిన లోతులోనే కదరా వచ్చింది! అదెలా? చెప్పు, అదెలా? నేను నూట నలభై అన్నాను. నూట నలభైలోనే వచ్చింది!”

“మీరు చెప్పిన లోతులోనే నా వేలు జారింది బావా. అనుకోకుండా. అంతే.”

“అంతేనా.”

“అంతే.”

“నాకు కాసిని మంచినీళ్ళియ్యి.”

“ఇదిగో... మెల్లగా తాగండి. కూర్చోండి బావా. ఈ రాయి తీస్తానుండండి.”

“పదకొండు వచ్చాకే ఇల్లమ్మాను.”

“తెలుసు.”

“మీ అక్క సంతకం పెట్టనంది. వారం రోజులు మాట్లాడలేదు నాతో. రాత్రింబవళ్ళు చెవిలో జోరీగలా పోరి, పటాలు చూపించి, నువ్వేమైనా చదువుకున్నదానివా అని కూడా అన్నాను. అప్పుడు పెట్టింది. నీ వేలికున్న ఉంగరాన్ని చూపించి పెట్టించానన్నమాట.”

“నన్ను తిట్టండి బావా. రెండేళ్ళు నోరు విప్పలేదు నేను. కొట్టండి కావాలంటే.”

“నిన్ను కొట్టి ఏం చేస్తానురా? రాయి తప్పు చెప్పలేదు. నేనే తప్పు చదివాను. పాతికేళ్ళు పిల్లలకి చెప్పాను, ఒక్క నమూనా పట్టుకుని ఊరేగకండిరా అని.”

“సోమవారం కంపెనీ ప్రకటిస్తుంది. పదకొండు లెక్కలోంచి తీసేస్తున్నాం అని. అప్పుడిక చిత్తుకాగితానికి కూడా పనికిరావు మీ షేర్లు. మార్కెటు ఇంకో గంట ఉంది. ఫోను తీయండి.”

“తీస్తే?”

“బ్రోకరుకి చెప్పండి.”

“ఎవడు కొంటాడు?”

“ఎవడో ఒకడు.”

“వాడు మునిగిపోడూ?”

“వాడెవడో మీకు తెలీదు.”

“నాకు తెలీకపోతే వాడికి పెళ్ళాం ఉండదా? వాడికి ఇల్లుండదా? వాడు కూడా నాలాగే పదకొండుని చూసి కొంటాడు. అది ఉంగరమని తెలిసి నేను అంటగట్టాలా?”

“మీరిప్పుడు ధర్మపన్నాలు చెప్పకండి బావా. అక్క కన్ను సంగతేంటి?”

“దాని జోలికి రాకు.”

“ఎందుకు రాకూడదు? మా అక్క. డాక్టరు నెలలోపు ఆపరేషను చేయించమన్నాడు, లేదంటే ఆ కన్ను పోతుందన్నాడు. సూదిలో దారం పక్కింటి పిల్ల చేత ఎక్కించుకుంటోంది, మీకు తెలుసా? గుడ్డ మీద గీతలు వేళ్ళతో తడుముకుంటూ కుడుతోంది. మీరేమో దుప్పటి చారలు చూపించి పాఠాలు చెప్తున్నారు.”

“పద్నాలుగు పడితే మంచి ఆసుపత్రిలో చేయిద్దామని... అనుకున్నానురా.”

“పద్నాలుగు లేదు, పదిహేను లేదు. కంపెనీ మూసేస్తున్నారు. నా ఉద్యోగమూ పోతుంది. ఉంగరం సంగతి బయటపడితే జైలుకే పోతానేమో. అయినా వచ్చి చెప్పాను. ఎందుకు చెప్పాను?”

“నీకెందుకురా జైలు? నేనెవరికీ చెప్పను. మీ అక్కకి కూడా చెప్పను. నా నోట ఉంగరం మాట రాదు.”

“ప్రమాణమా?”

“ప్రమాణం. ఎవరూ చెప్పని నిజం చెప్పావు. పొరుగువాళ్ళు పిచ్చోడన్నారు, కొలీగులు నవ్వారు. ఒక్కడూ నా ఎదురుగా కూర్చుని ఇదిగో ఇక్కడ నీ తప్పు అని చూపించలేదు.”

“ఫోను బావా.”

“నంబరు నువ్వు కలుపు.”

“మోగుతోంది. తీసుకోండి.”

“హలో... నేనండీ, రాళ్ళ మాస్టార్ని. ...లేదండీ, కొనడానికి కాదు. అమ్మేద్దామని. ...ఆఁ, మొత్తం. ...నవ్వండి, ఫర్వాలేదు. ...ఎంతకుంటే అంతకి. కొనేవాళ్ళున్నారంటారా? ...ఒక్కడేనా? మొత్తం ఒక్కడే తీసుకుంటాడా? ...లేదు, ఆలోచించుకోవడానికేం లేదు. ...ఇచ్చేయండి. ...ఆఁ. లైన్లో ఉంటాను. ...అయిపోయిందా? సరేనండీ. ఉంటానండీ.”

“పోయాయా?”

“పోయాయి. ఎవడో ఒక్కడే మొత్తం తీసేసుకున్నాడట. బేరం కూడా ఆడలేదట. ఎంత నమ్మకం ఉంటే అలా కొంటాడురా మనిషి? నాలాంటి పిచ్చోడే పాపం.”

“వాణ్ణొదిలేయండి.”

“ఎలా వదిలేస్తాను? కొంప ముంచాను వాడిది.”

“ఏమండీ, ఎవరితో మాట్లాడుతున్నారు? ఎవరూ... ఒరేయ్ చిన్నోడా, నువ్వెప్పుడొచ్చావురా? మిషను చప్పుడులో తెలియనేలేదు.”

“ఇప్పుడే అక్కా. ఇటుగా వెళ్తూ.”

“ఏమండీ, ఏంటలా ఉన్నారు? ఒంట్లో బాగాలేదా? ఏమైంది?”

“అమ్మేశానే.”

“ఏం అమ్మేశారు? ఇంక అమ్మడానికేముంది ఇంట్లో?”

“షేర్లు. మొత్తం.”

“...మీరా?”

“నేనే.”

“చిన్నోడా, నిజమేనా? వేళాకోళమా?”

“నిజమే అక్కా. నా ఎదురుగానే చెప్పారు ఫోన్లో.”

“ఎంతొస్తుంది?”

“ఇల్లు రాదే. ఇంటి గుమ్మం కూడా రాదు. నీ కన్నుకి సరిపోతుంది. డాక్టరుకి రేపు ఫోన్ చేద్దాం.”

“గుమ్మం ఎవరిక్కావాలండీ. ఉన్న గుమ్మం కనపడితే చాలు నాకు. అయ్యో, మీరెందుకు ఏడుస్తున్నారు? ఏమండీ! ఇటు చూడండి. పోతే పోయింది. ఇంక పొద్దున్నే లేచి ఆ రేటు చూడక్కర్లేదు, నేను మీ దిగులు మొహం చూడక్కర్లేదు. ఇంట్లో మనుషుల్లా కూర్చోవచ్చు. నవ్వొస్తోందండీ నాకు, నిజంగా నవ్వొస్తోంది!”

“నవ్వు. నవ్వి ఎన్నాళ్ళయింది నువ్వు.”

“ఒరేయ్, నీకు దండం పెట్టాలిరా. రెండేళ్ళు ఏడ్చి మొత్తుకుంటే వినని మనిషి, ఏం చెప్పి వినిపించావురా?”

“ఏం లేదక్కా. నాలుగు మాటలు.”

“ఏమా మాటలు?”

“వాణ్ణడగకే. అది మా ఇద్దరి మధ్యది. ఒక్కటి మాత్రం విను, ఈ వీధిలో మనకంటూ నిజమైన మనిషి ఎవడైనా ఉన్నాడంటే వీడే.”

“నాకు తెలీదా ఏంటి? నేను ఎత్తుకు పెంచినవాడు. కూర్చోరా, తినేసి వెళ్దువుగాని.”

“లేదక్కా, డ్యూటీకి టైమైంది.”

“పోనీ ఈ రాళ్ళైనా కొన్ని మోసుకుపోరా. సాయంత్రం అన్నీ బయట పారబోస్తాను. అబ్బ, కుర్చీలో కూర్చోవచ్చు ఇంక!”

“ఆ వెల్లుల్లిది ఒక్కటి ఉంచవే.”

“ఒక్కటి కూడా ఉంచను.”

“సరే. పారెయ్. ...ఒరేయ్ రంపం, వెళ్ళేముందు ఒక్క మాట.”

“చెప్పండి బావా.”

“కంపెనీ మూసేస్తారో, ఇంకెవడైనా కొంటాడో. ఎప్పుడైనా పద్నాలుగు వేస్తే ఎడమ పక్కకి వేయమని చెప్పు మేనేజరుకి. డబ్బు కోసం కాదు. ఊరికే. నేను ఎక్కడ తప్పానో తెలుసుకోవాలని ఉంది.”

“చెప్తాను బావా.”

“కోప్పడకుండా చెప్పు. ముసలాయన అడిగాడని చెప్పు.”

“చెప్తాను. వస్తాను బావా. వస్తానక్కా.”

“మెట్లు జాగ్రత్తరా! ఆ మూడోది కదుల్తుంది!”

“...హలో మేనేజరు సార్, నేనే. కిందికొచ్చేశాను. ...షేర్లు మీ తోడల్లుడి పేరు మీద పడ్డాయా? ...అన్నీనా? ...సగం నావి సార్, మాట తప్పొద్దు. ...అబ్బే, అనుమానమా? ఆకురాయితో ఉంగరానికి ఆ గాటు పెట్టడానికి అరగంట పట్టింది నాకు, చూడగానే చల్లబడిపోయాడు మా బావ. ...మా అక్కా? నవ్వుతోంది. ...లేదు సార్, ఆ తొమ్మిది ఉత్తరాలూ తగలబెట్టేయండి, ఆ పటం చూసి బోరు వేయించారని ఎవరికీ తెలియక్కర్లేదు. ...సోమవారం పేపర్లో వచ్చేదాకా నోరు మెదపను. ...ఆఁ, నేనే కోశాను కదా సార్, కళ్ళకి కనపడేంత బంగారం. పద్నాలుగులో. ఎడమ పక్కకి, సరిగ్గా ఆయన చెప్పినచోటే.”